వాసన పిచ్చి మీద చారిత్రక నవల రాయాలంటే: మొగలి పొదల పక్కనుంచి పని వరస

"పాతకాలంలో జరిగే నవల ఒకటి రాద్దామనుకుంటున్నా, ఒకడికి వాసన పిచ్చి, దానికోసం ఎంతకైనా తెగిస్తాడు, ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?" ఈ ప్రశ్న ఈ మధ్య నన్ను చాలామంది అడిగారు. ఒక్కొక్కరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా ఒకేసారి వరసగా రాసి పెడితే మేలనిపించింది.

నేనుండేది ఒడిశా గంజాం జిల్లా బరంపురం. ఇక్కణ్ణుంచి గోపాలపురం, ఛత్రపురం, చీకటి అనే ఊళ్ళ వైపు ఎటు వెళ్ళినా మొగలి పొదలు, ఆ పూలు కాచి అత్తరు తీసే బట్టీలు. మొగలిని ఒడియావాళ్ళు కియా అంటారు, కొనడానికొచ్చే హిందీ వర్తకులు కేవడా అంటారు. నా ఉదాహరణలన్నీ దాని మీదే. మీది మల్లెపువ్వయినా, పొగాకైనా, తోళ్ళ షాపు అయినా పని వరస మారదు.

ముందే ఒకటి ఒప్పుకోవాలి. నా మొదటి డ్రాఫ్టులో నలభై పేజీలు వట్టి వాసనల వర్ణనే. మా పిన్నివాళ్ళ పుట్టిల్లు మొగలి తోట పక్కన. ఆవిడకి చదివి వినిపించాను. మొత్తం విని, "ఇన్ని వాసన్లు రాసినావు గానీ, చేతికి ముల్లు దిగినోడు ఒక్కడూ లేడేటిరా ఇందులో?" అంది. ఆ నలభై పేజీలూ చింపేశాను. కింద చెప్పేదంతా ఆ ఒక్క ప్రశ్నలోంచి వచ్చిందే. వాసన ఎలా ఉందో కాదు, దాన్ని పట్టుకోవడానికి ఎవరు ఏ పని చేశారు, ఎంత పోగొట్టుకున్నారు, అది రాయాలి.

1. రెండు వారాలు ముక్కు నోట్‌బుక్

ఈ రెండు వారాలూ కథ ముట్టుకోవద్దు. రోజుకి ఐదు వాసనలు రాయండి, అంతే. ఒక్కో వాసనకీ మూడు సంగతులు:

- ఎక్కడ, ఏ పూట తగిలింది
- ఏ పని వల్ల పుట్టింది (వేయించడం, కుళ్ళడం, తడవడం, కాలడం, మనిషి చెమటోడ్చడం)
- తగలగానే నేనేం చేశాను (ఆగానా, ముక్కు మూసుకున్నానా, ఎవరైనా గుర్తొచ్చారా)

ఒక షరతు ఉంది. మంచి, చెడ్డ, అద్భుతమైన, మత్తెక్కించే, మధురమైన అనే మాటలు నోట్‌బుక్‌లో రాకూడదు. అవి లేకపోతే ఎలా అని టెన్షన్ పడకండి, తెలుగులో వాసనకి మాటల కరువు లేదు. పచ్చి వాసన వేరు, నీచు వాసన వేరు. నూనె మాడితే కమురు, అన్నం అడుగంటితే మాడు, పాత కొబ్బరికి కనరు, తడి తగిలిన బియ్యానికి ముక్క వాసన, చెరువు మెట్లకి పాచి వాసన. వాసన వచ్చే తీరుకీ మాటలున్నాయి. గుప్పుమంటుంది, ఘాటెక్కుతుంది, గుమ్మెత్తుతుంది, సన్నగా సోకుతుంది. ఇవన్నీ మన ఇళ్ళలో రోజూ వినేవే, రాసేటప్పుడు మాత్రం ఎందుకో అందరికీ "సుగంధ పరిమళాలు" తప్ప ఇంకేమీ గుర్తురాదు.

బరంపురంలో అయితే నేను పెద్దబజారులో పచ్చళ్ళు, అప్పడాలు అమ్మే వీధితో మొదలెడతాను. తరవాత గోపాలపురం ఒడ్డున ఎండుచేపలు పరిచే చోటు, ఆ పైన హుమ్మా ఉప్పు మడులు. మూడింట్లోనూ ఉప్పుంది, మూడూ వేరు వాసనలు.

రాసేటప్పుడు మొదటి నిమిషమే విలువైనది. ఒకే వాసనలో కొన్ని నిమిషాలు నిలబడితే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది, వాసన అక్కడే ఉన్నా మీకు తెలియదు. అందుకే ముందు రాసి ఆ తర్వాత చూస్తూ కూర్చోండి. ముక్కు మొద్దుబారితే బయటికి పోయి రండి, లేదా సొంత మోచేతి మడత వాసన కాసేపు పీల్చండి. ఈ అలవాటు పడటం అనే సంగతి బాగా గుర్తుపెట్టుకోండి, ఐదో మెట్టులో ఇదే పనికొస్తుంది.

2. ఒకే ఒక్క వాసన, దాని పని మొత్తం

నవలకి ఒక్క వాసన చాలు. పదహారు రకాల అత్తర్ల జాబితా ఇస్తే అది షాపు బోర్డు అవుతుంది. ఆ ఒక్కదాన్ని మాత్రం పొలంలోంచి సీసాలోకి వచ్చేదాకా చేతులతో తెలుసుకోవాలి. గూగుల్లో చదివితే చాలదు, వెళ్ళాలి. మొగలికైతే వానల్లో వెళ్ళండి, ఆషాఢం నుంచి భాద్రపదం దాకా పూలు ఎక్కువ. తెల్లవారుజామునే వెళ్ళండి, ఎందుకంటే కోత అప్పుడే, తొమ్మిది దాటాక వెళ్ళి తోట ఖాళీగా ఉందనుకోవద్దు.

వెళ్ళినప్పుడు చూడాల్సినవి చెప్తాను, ఇవి తెలియకుండా రాస్తే ఇక్కడివాళ్ళు మొదటి పేజీలోనే పట్టేస్తారు.

వాసన మగ చెట్టుకే. ఆడ చెట్టుకి అనాసపండు లాంటి కాయ కాస్తుంది తప్ప ఆ పువ్వు ఉండదు. పైగా పూత వచ్చేదాకా చెట్టుని చూసి ఏదో చెప్పలేం. నవల రాసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఒకడు అప్పు చేసి పిలకలు కొని నాటి, ఏళ్ళ తరబడి కాపు కాసి, చివరికి అన్నీ ఆడవే అని తేలితే, ఆ పిలకలు అంటగట్టినవాడి పేరు మీ రెండో అధ్యాయం.

ఆకు అంచులకీ, నడి ఈనెకీ ముళ్ళు. పువ్వుని కప్పి ఉన్న రేకుల అంచులకీ సన్నగా ఉంటాయి. రేకులు ఒక్కొక్కటీ ఒలుచుకుంటూ పోతే బయటిది పచ్చ, లోపలికి పోయేకొద్దీ లేత పసుపు, నడుమ పిండి రాలే పుప్పొడి కంకులు. ఆ పిండి వేళ్ళకి అంటుకుంటే చెయ్యి కడిగినా సాయంత్రందాకా తెలుస్తూనే ఉంటుంది. దీన్ని మీ చేత్తో ఒక్కసారి ఒలిచి చూడండి, ఒక పేజీ దానంతట అదే వస్తుంది.

కోసిన పువ్వు ఆగదు. గంటలు గడిచేకొద్దీ వాసన గాల్లో కలిసిపోతుంది, అందుకే బట్టీలు తోటల దగ్గరే పెట్టుకుంటారు. తోటకీ బట్టీకీ మధ్య ఉన్న ఆ పరుగు మీ కథకి గడియారం.

ఇక బట్టీ. పెద్ద రాగి పాత్ర, దాన్ని డేగ్ అంటారు. అందులో పూలు, నీళ్ళు వేసి మూత పెట్టి, ఆవిరి పోకుండా చుట్టూ మట్టి మెత్తుతారు. మూతలోంచి వెదురు గొట్టం, దాన్ని తాడుతో చుట్టి ఉంచుతారు. గొట్టం రెండో కొస భప్కా అనే రాగి కుండలోకి, ఆ కుండ నీళ్ళ తొట్టిలో కూర్చుని ఉంటుంది. కింద మంట. ఆవిరి కుండలో చల్లబడి నీరవుతుంది. అత్తరు చేసేటప్పుడు ఆ కుండలో ముందే గంధపు నూనె పోస్తారు, మొగలి వాసన ఆ నూనెకి పడుతుంది. నూనె లేకుండా తీస్తే కేవడా నీరు. మరీ ఖరీదైనది రూహ్, అంటే పువ్వు సొంత నూనె.

గడియారం లేదు, మీటరు లేదు. కాచేవాడు తొట్టిలోకి చెయ్యి పెట్టి కుండ పొట్ట తడిమి, ఎంత వేడెక్కిందో, ఎంత నిండిందో చెప్తాడు. ఆపాలంటే డేగ్ మీద తడిగుడ్డ రుద్ది ఉడుకు తగ్గించి కుండ మారుస్తాడు. ఈ పనివాళ్ళలో చాలామంది ఉత్తరప్రదేశ్ కన్నౌజ్ నుంచి వస్తారు, కాబట్టి బట్టీ దగ్గర మూడు భాషలు వినిపిస్తాయి. మీ డైలాగుల్లో కూడా వినిపించాలి.

తోటకి వెళ్ళేముందు చూసుకోవాల్సినవి:

- నిండు చేతుల చొక్కా, కాలికి బూటు (మొగలి పొదలో పాములుంటాయని మన పెద్దలు ఊరికే అనలేదు)
- ఫోన్ జేబులోనే, నోట్‌బుక్ చేతిలో. ఫొటోలో వాసన రాదు
- సొంత అత్తరు, తలనూనె, టాల్కం ఏదీ వద్దు
- కాచేవాడి పని మధ్యలో ప్రశ్నలు వద్దు, కుండ మార్చాక అడగండి
- పువ్వు ఊరికే అడగకండి, కొనండి. అక్కడ పూలు లెక్క పెట్టి అమ్ముతారు

3. సంవత్సరం తేల్చుకోండి

"అనగనగా పాతకాలంలో" అంటే చారిత్రక నవల కాదు. ఒక సంవత్సరం పట్టుకోవాలి. ఏ సంవత్సరం పట్టుకుంటే వాసనకి ఆ అర్థం వస్తుంది, ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

1815: గంజాం పట్నంలో జ్వరాలు ప్రబలి జనం పోయారు, జిల్లా కచేరీ అక్కణ్ణుంచి ఎత్తేయాల్సి వచ్చింది. అప్పటి దొరల వైద్యుల నమ్మకం ఏమిటంటే, మురికి నేల మీంచి వచ్చే చెడు గాలే జ్వరం తెస్తుందని. మలేరియా దోమ వల్ల అని రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కనిపెట్టింది 1897లో. అంటే 1815లో వాసన అంటే ముద్దు మాత్రమే కాదు, చావు భయం కూడా. మొగలి పెరిగేది ఎక్కడ? కాలవ గట్లు, నీళ్ళు నిలిచే పల్లాలు. ఇష్టపడే వాసనా, భయపడే వాసనా ఒకే గట్టు మీంచి వస్తాయి. నేనైతే ఈ సంవత్సరాన్నే ఎంచుకుంటాను.

1866: ఒడియావాళ్ళు నఅంక అనే కరువు, గంజాం కూడా దెబ్బతింది. జనం గంజినీళ్ళ కోసం ఇత్తడి బిందెలు అమ్ముకునే రోజుల్లో ఒకడు అత్తరు సీసా దాచుకున్నాడంటే వాడి పిచ్చి గురించి ఇంక వేరే చెప్పక్కర్లేదు.

1893 నుంచి 1896: కోస్తా వెంబడి రైలు వేసిన ఏళ్ళు. అంతకుముందు సరుకు ఎద్దుబండి మీద, లేదా గోపాలపురం రేవులో ఓడ మీద.

1936: ఏప్రిల్ 1న గంజాం మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది. తెలుగు గుమాస్తా కథ రాసేవాళ్ళకి ఇది బంగారం, వాసన కథకి మాత్రం అంత బిగువు ఇవ్వదు.

1936 దాకా మనది మద్రాసు కింద ఉంది కాబట్టి పాత కాగితాలు చెన్నై ఎగ్మోరు ఆర్కైవ్స్‌లో చూడాలి. భువనేశ్వర్‌లో వెతికి దొరకలేదని వదిలేసినవాళ్ళని చూశాను. మాల్ట్‌బీ కూర్చిన గంజాం జిల్లా మాన్యువల్, 1882లో అచ్చయింది, దానితో మొదలెట్టండి.

బట్టీ విషయంలో జాగ్రత్త. మొగలి పొదలు ఎప్పుడూ ఉన్నవే, కానీ మీ ఊళ్ళో మీ సంవత్సరానికి బట్టీ ఉందని కాగితం దొరికితేనే పెట్టండి. దొరక్కపోతే కథ ఆగిపోదు. బట్టీ లేకుండా వాసన పట్టే పాత పద్ధతులున్నాయి. నువ్వుల మధ్య పూలు పొరలు పొరలుగా పరిచి, పూలు మార్చుకుంటూ పోయి, ఆ నువ్వుల్ని గానుగ ఆడించడం ఒకటి. కాచు ఉండల్ని మొగలి రేకుల్లో చుట్టి తాంబూలానికి వాసన పట్టించడం ఇంకొకటి, ఒడియావాళ్ళ కియా ఖయిరు అదే. ట్రంకుపెట్టెలో చీరల మధ్య రేకు దాచడం మన ఇళ్ళలో ఇప్పటికీ ఉంది.

1815 అనుకుంటే ఇంట్లోంచి తీసేయాల్సిన వాసనలు:

- కిరసనాయిలు దీపం. ఆముదం పెట్టండి
- అగ్గిపుల్ల గీసిన వాసన. చెకుముకి రాయి, లేదా పొరుగింటి నిప్పు
- పొద్దున్నే కాఫీ, టీ
- సబ్బు. కుంకుడుకాయ, సున్నిపిండి చాలు
- సముద్రం ఒడ్డున సరుగుడు తోటలు
- లాబొరేటరీలో తయారైన సెంటు ఏదైనా. సెంట్లలో వాడే కౌమరిన్‌ని లాబొరేటరీలో తయారుచేసిందే 1868లో

ధైర్యంగా ఉంచుకోదగ్గవి: పేడ కళ్ళాపి, చుట్ట పొగ, సాంబ్రాణి, కర్పూరం, ఎండుమిరప ఘాటు, ఎండుచేప.

4. పిచ్చిని లెక్కల్లో పెట్టండి

ఎక్కువ నవలలు చెడేది ఇక్కడే. "అతనికి ఆ వాసనంటే ప్రాణం, పిచ్చి, వ్యామోహం" అని పది రకాలుగా చెప్తారు, ఒక్కటీ నమ్మబుద్ధి కాదు. పిచ్చివాడు తనకి పిచ్చి ఉందని చెప్పుకోడు. లెక్క పెట్టుకుంటాడు, దాచుకుంటాడు, అబద్ధమాడతాడు, ఇంకొకడు ముట్టుకుంటే మండిపడతాడు. అవి రాస్తే చాలు.

నేను చేసింది చూపిస్తాను. నా అప్పన్న పూల లెక్క రాసే గుమాస్తా. అతని చిట్టాలోంచి మూడు రోజులు:

ఆషాఢ బహుళ విదియ. వచ్చిన పూలు 300. బట్టీకి ఇచ్చినవి 299.
బహుళ తదియ. వచ్చినవి 260. ఇచ్చినవి 259.
బహుళ చవితి. వచ్చినవి 1. ఇచ్చినవి లేవు. వాన.

వాసన అనే మాటే లేదు. మొదట్లో ఆ మూడో రోజు కింద "ఆ ఒక్క పువ్వు కోసం వానలో తోటంతా తిరిగాడు" అని రాసి, తరవాత కొట్టేశాను. చదివేవాడే ఊహించుకుంటాడు.

మీ మనిషికి ఈ ఐదింటికీ జవాబు రాసుకోండి, లేకపోతే ఐదో మెట్టుకి వెళ్ళొద్దు:

- మొదటిసారి ఆ వాసన ఎవరి దగ్గర, ఎన్నో ఏట?
- దానికోసం ఏ చిన్న తప్పు చేశాడు? ఆ పైన పెద్దది?
- ఎవరి దగ్గర దాస్తున్నాడు?
- ఇంట్లో ఏ ఖర్చు ఆపేశాడు?
- వాసన దొరికాక కూడా తీరనిది ఏమిటి?

చివరిదే కష్టం. వాసన నిలవదు, ఎంత బిగించిన సీసాలోంచైనా ఏదో ఒకరోజు పోతుంది. అది తెలిసీ కావాలనుకునేవాడిదే కథ. మనుషుల్ని చంపి అత్తరు తీసేవాడి కథ (జర్మన్ నవల 'పెర్ఫ్యూమ్') లోకానికి ఇప్పటికే తెలుసు, అటు పోకండి. మన దగ్గర అంతకన్నా చిత్రమైనది ఉంది. బ్రహ్మ కోసం అబద్ధపు సాక్ష్యం చెప్పిందని శివుడు మొగలిని తన పూజకి వద్దన్నాడు. ఇంటినిండా శివభక్తులు, కొడుక్కి మొగలి పిచ్చి. ఆ సీసా దేవుడి గదికి ఎంత దూరంలో దాస్తాడో చెప్పండి చాలు, సగం కుటుంబం కళ్ళముందుకొస్తుంది.

5. ఒక దృశ్యం రాసే వరస

ముందు పని, తరవాత వాసన తగలడం, తరవాత దానివల్ల ఎవరో ఏదో చేయడం. వాసన పేరు చివర్న, అవసరమైతేనే.

నా పాత వాక్యం: "బట్టీలోంచి మత్తెక్కించే మొగలి పరిమళం గాలిలో తేలియాడుతోంది. అప్పన్న పరవశించిపోయాడు."

మార్చింది: "అప్పన్న గుమ్మంలో చెప్పులు విడవకముందే లోపల మంచంలోంచి తల్లి, 'వచ్చావా' అంది. ఆవిడకి చూపు పోయి ఆరేళ్ళు. అప్పన్న చెయ్యి ముక్కుకి ఆనించి చూసుకున్నాడు. ఏమీ తెలియలేదు."

మొదటి మెట్టులో చెప్పిన అలవాటు పడటం ఇదే. రోజంతా ఆ వాసనలో మునిగినవాడికి అది తెలియదు, ఊరందరికీ తెలుస్తుంది. దాచుకునేవాడికి ఇంతకన్నా ప్రమాదం లేదు.

ఇంకో చిట్కా అల్లసాని పెద్దన నుంచి. ఆయన మనుచరిత్రలో హిమాలయాల మీద దారి తప్పిన ప్రవరుడికి ముందు తగిలేది తాంబూలపు వాసన మోసుకొచ్చిన గాలి, వరూధిని కనబడేది ఆ తర్వాత. మనిషికన్నా ముందు వాసనని పంపండి, లేదా మనిషి వెళ్ళిపోయాక మిగల్చండి. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటుంటే వాసన వర్ణించడం దండగ.

6. తరచూ జరిగే తప్పులు, మరమ్మతులు

ప్రతి పేజీలో వాసన ఉంది. మూడు పేజీలకి ఒక్కటి చాలు. వాసన లేని పేజీల్లోనే చదివేవాడు దానికోసం ఎదురుచూస్తాడు.

అన్నీ సువాసనలే. పక్కనే ఒక కంపు పెట్టండి. డేగ్‌లో ఉడికి పిప్పైన పూలు బయట పారబోస్తారు, రెండు రోజులకి అవి ఎలా ఉంటాయో ఎవరూ రాయరు.

పోలికల గొలుసు. "వెన్నెలలా, తేనెలా, అమ్మ ఒడిలా" అని మూడు వచ్చాయంటే మీకు ఆ వాసన తెలియదని అర్థం. తోటకి తిరిగి వెళ్ళండి.

చరిత్ర పాఠం. ఎగ్మోరులో నాలుగు రోజులు కూర్చున్నాం కదా అని అంతా కుక్కేస్తాం, నేనూ చేశాను. పాత్రకి ఆ క్షణంలో అవసరం లేని తారీఖు తీసేయండి.

మనుషులందరూ ఒకే తెలుగు మాట్లాడటం. ఇక్కడ ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. గోపాలపురం ఒడ్డున వేటకెళ్ళే నోలియాల తెలుగు ఇంకోరకం. కొంచెం యాస చాలు, మరీ ఎక్కువైతే చదవలేరు. ఒక మాట ఆ కాలానికి సరిపోతుందా అని అనుమానం వస్తే 1852 నాటి బ్రౌన్ నిఘంటువులో చూడండి. అందులో లేకపోతే ఆ మాట లేదనేం కాదు, కానీ రెండుసార్లు ఆలోచించండి.

7. డ్రాఫ్ట్ అయ్యాక

నెల రోజులు పక్కన పడేయండి. తరవాత రెండు రంగుల పెన్సిళ్ళు తీసుకోండి. వాసన ఎలా ఉందో చెప్పే వాక్యాల కింద ఎర్ర గీత, వాసన వల్ల ఏదో జరిగిన వాక్యాల కింద నీలం గీత. ఎర్రవి ఎక్కువుంటే అవే కొట్టేయాల్సినవి, ఎంత అందంగా ఉన్నా సరే.

ఆ పైన కథలోంచి వాసనని మొత్తం తీసేసి, బదులుగా బంగారం పెట్టి చూడండి. కథ అలాగే నడిచిందా? అయితే మీరు రాసింది బంగారం దొంగ కథ, నాలుగో మెట్టు నుంచి మళ్ళీ మొదలు.

చివరగా, ఆ పని చేతులతో చేసినవాళ్ళలో ఒకరికైనా గట్టిగా చదివి వినిపించండి, పుస్తకం ఇచ్చి వచ్చేయొద్దు, ఎదురుగా కూర్చుని చదవండి. ఎక్కడ తల తిప్పుకుంటారో అక్కడ మార్జిన్లో గుర్తు పెట్టండి. కొత్త డ్రాఫ్టు మా పిన్నికి మొన్న చదివాను. చిట్టా దగ్గర ఏమీ అనలేదు, కళ్ళులేని తల్లి దగ్గరా ఏమీ అనలేదు. గొట్టానికి చుట్టిన తాడు దగ్గర మాత్రం ఆపి, "తాడు తడిపినారా లేదా, అది రాయలేదేటి?" అంది. రేపు పొద్దున్నే ఛత్రపురం వెళ్ళి చూసి రావాలి.